పాత ఫోటోలో చిన్న విమానం: ఏది, ఎప్పటిది, ఎక్కడిది

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల విమానాల ఊళ్లు కావు. అందుకే ఈ వైపు ఇళ్లలో పాత ట్రంకుపెట్టె అడుగునుంచో, పటం కట్టిన అద్దం వెనకనుంచో గాలిమోటరు పక్కన నిలబడ్డ మనిషి ఫోటో బయటపడితే, అది బయటినుంచి వచ్చిందనే అనుకోవాలి. బేగంపేటలో నిజాం కొలువు చేసినవాళ్లు, బొంబాయి మిల్లులకూ సోలాపూర్ మగ్గాలకూ భివండికీ వలసపోయిన నేతకార్మికులు, ఫౌజులో చేరినవాళ్లు, వాళ్లతో పాటు ఈ ఫోటోలూ తిరిగొచ్చాయి. ఇంట్లోవాళ్లకు గుర్తున్నది ఒక్క ముక్కే: "తాత లడాయిల ఉన్నప్పటిది". ఏ లడాయి, ఏ ఊరు, ఏ ఏడు అన్నది చెప్పగలిగినవాళ్లు పోయారు. ఇక చెప్పగలిగింది ఆ విమానమే.

ఫోటోల్లో ఎక్కువగా కనిపించేది బాంబర్లు, ఫైటర్లు కాదు. ఒకే ఇంజన్‌తో, గుడ్డ కప్పిన రెక్కలతో ఉండే చిన్న విమానాలు. ఇది యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. ఫైటర్ల చుట్టూ కాపలా ఉండేది, వాటి దగ్గర కెమెరాకు అనుమతి దొరకడం కష్టం. లియజాన్ విమానం అని పిలిచే ఈ చిన్న విమానం పని వేరు. ఒక దళం నుంచి మరో దళానికి ఉత్తరాలు, మ్యాపులు, అధికారులను చేర్చడం, ఫిరంగి గుండు ఎక్కడ పడుతోందో పైనుంచి చూసి చెప్పడం, గాయపడ్డవాణ్ని స్ట్రెచర్ మీద తీసుకుపోవడం. అది పొలంలో, మట్టిబాటలో, నది ఇసుకలో దిగేది. సిపాయి, కూలీ, వంటవాడు దాని దగ్గరకు పోయి రెక్క మీద చెయ్యేసి నిలబడగలిగేవాడు. మామూలు మనిషికి అందిన యుద్ధవిమానం అదొక్కటే. కాబట్టి దాని పేరు సరిగ్గా తేలితే, ఆ మనిషి యుద్ధంలో ఎక్కడున్నాడో కొంతైనా తేలుతుంది. తెలంగాణ చిన్న పట్టణాల మనుషులు రెండో ప్రపంచయుద్ధంలో ఏం చూశారో మన పుస్తకాల్లో చాలా తక్కువ. ఈ ఫోటోలు ఆ లోటు తీర్చే ఆధారాలు.

అయితే పేరు పెట్టడానికి తొందరపడొద్దు. ఈ రంగంలో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం ముందు పేరు పెట్టి తర్వాత ఆధారాలు వెతకడం వల్ల వచ్చేవే. ముందు ఇది నిజం విమానమేనా, తర్వాత ఏ కాలానిది, ఎక్కడిది, చివరగా ఏ రకం. ఈ వరుస పాటిస్తే పేరు తేలకపోయినా ఫోటో విలువ పోదు.

నిజం విమానమేనా అన్న ప్రశ్నను తేలికగా తీసుకోకూడదు. జాతరల్లో ఫోటో స్టూడియోలు వేసేవాళ్లు అట్టతోనో చెక్కతోనో చేసి రంగులు పూసిన విమానం బొమ్మను పెట్టి, దాని వెనక మనుషులను కూర్చోబెట్టి ఫోటో తీయడం దేశమంతటా ఉన్న అలవాటు. వేములవాడ, కొండగట్టు, ధర్మపురి జాతరలకు పోయొచ్చే మనకు ఇది కొత్త కాదు. బొమ్మ విమానాన్ని పట్టుకోవడం సులువే. ప్రొపెల్లర్ రేకులో మెలిక ఉండదు, బల్లపరుపుగా ఉంటుంది. రెక్కకు మందం ఉండదు, రెక్క నీడ నేల మీద పడదు. చక్రం కింద మట్టి నలగదు. వెనక మబ్బులు గీసిన తెర అంచు ఎక్కడో ఒక మూల కనబడుతుంది. అలాంటి ఫోటోను పక్కన పడేయకండి. అది యుద్ధానికి సాక్ష్యం కాదుగాని, ఒక తరం ఆకాశం మీద పెట్టుకున్న మోజుకు సాక్ష్యం. కాకపోతే దాన్ని "ఎల్-5" అంటూ నిజం యుద్ధవిమానం పేరు రాసి పెడితే రెండు చరిత్రలూ చెడతాయి.

నిజం విమానమే అని తేలాక ఆకారం. యుద్ధకాలంలో ఆకాశంలో విమానాలను గుర్తుపట్టే కాపలాదార్లకు ఇంగ్లిష్ తొలి అక్షరాలు కలిపి 'వెఫ్ట్' అని ఒక వరుస నేర్పేవారు: రెక్కలు, ఇంజన్, ఒళ్లు, తోక. బ్రిటన్‌లో అబ్జర్వర్ కోర్ వాళ్లు, 1941 నుంచి వచ్చిన 'ఏరోప్లేన్ స్పాటర్' పత్రిక చదివేవాళ్లు నీడబొమ్మలు చూసి సాధన చేసేవారు. మంచి పద్ధతే, కానీ అది తల మీదుగా క్షణాల్లో దూసుకుపోయే విమానం కోసం పుట్టింది. మన ఫోటోలో విమానం నేల మీద, మనిషి పక్కన, సగం ఫ్రేము బయట ఉంటుంది. చాలాసార్లు తోక కనబడదు, రెక్కల్లో ఒకటే కనబడుతుంది. కాబట్టి నేల మీది ఫోటోకు నేను ఇంజన్, కాళ్లు, కిటికీలు అనే వరుసే నమ్ముతాను.

ముక్కుకు రెండువైపులా ఇంజన్ సిలిండర్లు బయటికి పొడుచుకొచ్చి కనబడుతున్నాయంటే ముందు తలచుకోవాల్సింది పైపర్ ఎల్-4. ఇది పౌర విమానం పైపర్ కబ్‌కు సైనిక రూపం. 65 గుర్రాల కాంటినెంటల్ ఇంజన్, ఒకరి వెనక ఒకరు కూర్చునే రెండు సీట్లు, రెక్క వెనకదాకా సాగిన అద్దాలు. తలుపు కుడివైపునే ఉంటుంది, పైసగం పైకీ కిందిసగం కిందికీ తెరుచుకుంటుంది. అమెరికా సైన్యానికి 5,000కు పైగా తయారయ్యాయి. టేలర్‌క్రాఫ్ట్ ఎల్-2, ఏరోంకా ఎల్-3లు దూరంనుంచి దీని తోబుట్టువుల్లా ఉంటాయి, కానీ వాటిలో ఎక్కువ అమెరికాలోనే శిక్షణకు వాడారు. భారత్‌లోనో బర్మాలోనో తీసిన ఫోటోలో ఆ రెండింటి పేరు రాసేముందు గట్టి ఆధారం కావాలి.

ముక్కు పూర్తిగా రేకుతో మూసి, చక్రాల కాళ్లు పొడవుగా, కిటికీలు కిందికి చూడటానికి వీలుగా బయటికి ఉబ్బినట్టు ఉంటే అది స్టిన్సన్ ఎల్-5 సెంటినెల్ కావచ్చు. 185 గుర్రాల లైకమింగ్ ఇంజన్. 3,500కు పైగా తయారైన ఈ విమానమే బర్మా యుద్ధరంగంలో అమెరికన్లకు ప్రధాన లియజాన్ విమానం. బ్రిటిష్ వాయుసేనకూ వంద దాకా ఈ ప్రాంతంలోనే ఇచ్చారు. ఎల్-5బీ రకానికి వెనకభాగంలో స్ట్రెచర్ ఎక్కించే తలుపు ఉంటుంది. ఆ తలుపు తెరిచి ఉన్న ఫోటో దొరికితే అది వైద్యదళం పక్కనుంచి తీసిందన్న ఊహకు బలం వస్తుంది. మరో ఉపయోగం: ఎల్-5 కనబడిందంటే ఆ ఫోటో 1943కు ముందుది కాదు. ఇంట్లో "1941లో తీసింది" అని చెప్పుకుంటున్నా సరే.

ముక్కు గుండ్రంగా, సిలిండర్లు చుట్టూ వలయంలా అమర్చిన రేడియల్ ఇంజన్‌తో, విమానం మనిషికి చాలా ఎత్తుగా కనబడితే స్టిన్సన్ ఎల్-1 విజిలెంట్. దాని రెక్కలు 50 అడుగులు దాటుతాయి, ముందంచు పొడవునా నెమ్మదివేగంలో తమంతట తామే తెరుచుకునే స్లాట్లు ఉంటాయి. 1944 మార్చిలో బర్మాలో జపాన్ సేనల వెనకకు చొరబడ్డ చిందిత్ దళాలకు తోడుగా వెళ్లిన ఫస్ట్ ఎయిర్ కమాండో గ్రూప్ దగ్గర ఎల్-1, ఎల్-5 కలిపి వంద దాకా ఉండేవి. ఆ ఏప్రిల్‌లోనే ముగ్గురు గాయపడ్డ బ్రిటిష్ సైనికులను తీసుకుపోతున్న ఎల్-1 ఒకటి శత్రువుల వెనకప్రాంతంలో కూలితే, పైలట్‌తో సహా నలుగురినీ ఒక్కొక్కరినే వైఆర్-4బీ హెలికాప్టర్‌లో కార్టర్ హార్మన్ బయటికి తెచ్చాడు. యుద్ధంలో హెలికాప్టర్ మనిషిని కాపాడిన తొలి ఘటనగా దాన్ని చెబుతారు.

పక్కన మనిషి ఉంటే కొలతకు అంతకంటే మంచి సాధనం లేదు. ఎల్-4 ఎత్తు 6 అడుగుల 8 అంగుళాలు. దాని రెక్క కింద మామూలు ఎత్తు మనిషి నిలబడితే తల దాదాపు రెక్కకు తగులుతున్నట్టు ఉంటుంది. ఎల్-5 ఎత్తు 8 అడుగులకు కాస్త తక్కువ. ఎల్-1 ఎత్తు 10 అడుగులు దాటుతుంది. ముక్కు, తోక రెండూ కోసేసిన ఫోటోలో కూడా ఈ ఒక్క లెక్కతో మూడింటిని విడదీయవచ్చు. మనిషి రెక్క కిందే ఉండాలి, కెమెరాకు దగ్గరగా ముందుకొచ్చి ఉంటే లెక్క తప్పుతుంది. నీడ చూస్తే ఎక్కడున్నాడో తెలుస్తుంది.

బ్రిటిష్ వైపు ఆస్టర్. లెస్టర్‌షైర్‌లోని థర్మాస్టన్‌లో టేలర్‌క్రాఫ్ట్ ఇంగ్లండ్ సంస్థ తయారుచేసింది. ఆస్టర్ 3కు జిప్సీ మేజర్ ఇంజన్, అందుకే ముక్కు సన్నగా, నిటారుగా ఉంటుంది. ఆస్టర్ 4, 5లకు లైకమింగ్ ఇంజన్, ముక్కు అడ్డంగా వెడల్పవుతుంది, వెనక అద్దాలు పెరుగుతాయి, మూడో సీటు వస్తుంది. వెడల్పు ముక్కు కనబడితే ఆ ఫోటో 1944కు ముందుది కాదని చాలావరకు అనుకోవచ్చు. ఫిరంగిదళాల కోసం ఎగిరే 'ఎయిర్ ఓపీ' దళమైన 656 స్క్వాడ్రన్ 1943లో భారత్‌కు వచ్చి, తర్వాత బర్మాలో బ్రిటిష్ పద్నాలుగో సైన్యంతో పనిచేసింది. స్వాతంత్య్రం వచ్చినప్పుడు 659 స్క్వాడ్రన్ ఆస్టర్లను రెండు దేశాలూ పంచుకున్నాయి. మన వైపు తొలి ఎయిర్ ఓపీ ఫ్లైట్ పంజాబ్‌లోని ఆదంపూర్‌లో మొదలైంది. కాబట్టి ఆస్టర్ ఫోటో అంటే యుద్ధకాలపు ఫోటోయే అనుకోవద్దు. 1950లలోనూ మన సైన్యం ఆస్టర్లు ఎగరేసింది.

వెస్ట్‌లాండ్ లైసాండర్‌ను పొరబడటం కష్టం. చక్రాల మీద పెద్ద తొడుగులు, ఒంటి దగ్గర సన్నగా ఉండి నడుమ వెడల్పయ్యే రెక్క, లావు ముక్కు. భారత వాయుసేన ఒకటో స్క్వాడ్రన్ 1942 ఫిబ్రవరిలో మజుందార్ నాయకత్వంలో లైసాండర్లతోనే బర్మాలో పోరాడింది. జర్మన్ల స్టార్క్ విమానం మన వైపు ఫోటోల్లో అరుదు. అలా కనబడితే తొందరపడి స్టార్క్ అనకుండా ముక్కు చూడాలి. జపాన్‌కు అచ్చం అలాగే ఉండే కి-76 ఉండేది, తేడా దాని గుండ్రటి రేడియల్ ముక్కే.

ఇక తెలుగునేల మీద అన్నిటికంటే ఎక్కువగా దొరకాల్సింది టైగర్ మాత్. రెండంతస్తుల రెక్కల శిక్షణ విమానం, రెక్కల పొడవు 29 అడుగుల 4 అంగుళాలు, పైరెక్క నడుమ పెట్రోల్ ట్యాంకు. యుద్ధకాలంలో బేగంపేటలో ప్రాథమిక వైమానిక శిక్షణ పాఠశాల నడిచింది, కుర్రాళ్లు టైగర్ మాత్‌ల మీదే నేర్చుకున్నారు. బర్మాలో కొన్నింటిని స్ట్రెచర్ మోయడానికీ వాడారు. హైదరాబాద్‌లో పనిచేసిన బంధువు తెచ్చిన ఫోటోలో రెండంతస్తుల రెక్కలుంటే మొదటి అనుమానం బేగంపేటే.

ప్రొపెల్లర్ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే దాన్ని చూసేవాళ్లు తక్కువ. అమెరికన్ లైకమింగ్, కాంటినెంటల్ ఇంజన్లు పైలట్ సీటునుంచి చూస్తే గడియారం ముళ్లలా కుడికి తిరుగుతాయి. జిప్సీ మేజర్ ఎడమకు తిరుగుతుంది. ఆగి ఉన్న ప్రొపెల్లర్‌లో కూడా రేకు మెలిక చూస్తే అది ఎటు తిరిగేదో తెలుస్తుంది. ఆకారం ఎల్-5లా ఉండి మెలిక ఎడమకు ఉంటే రెండే కారణాలుంటాయి: మనం రకం తప్పు పట్టాం, లేదా నెగటివ్‌ను తిరగేసి ప్రింటు వేశారు. రెండోది చాలా తరచుగా జరిగేది. దాన్ని మనుషుల మీదే సరిచూసుకోవచ్చు. మగవాళ్ల చొక్కా గుండీలు ఏ వైపున్నాయి, చేతిగడియారం ఏ చేతికుంది, ఆడవాళ్లుంటే పైట ఏ భుజం మీదుంది. ఈ ఒక్క పని ముందే చేస్తే "ఎల్-4కు తలుపు ఎడమవైపుందేమిటి" అన్న గొడవ రాదు.

గుర్తుల దగ్గర అసలు చిక్కు నలుపుతెలుపు ఫిల్ములో ఉంది. ఆ రోజుల్లో చాలామంది వాడిన కోడక్ వెరిక్రోమ్ వంటి రోలు ఫిల్ము ఎరుపును చూడలేదు. అలాంటి ఫిల్ము మీద ఎరుపు నల్లగా, నీలం వెలిసిపోయినట్టు తెల్లగా పడుతుంది. బ్రిటిష్ విమానాల మీది వృత్తం గుర్తులో నడుమ ఎరుపు కాటుకలా నల్లబడి, చుట్టూ నీలం కనబడనట్టే అవుతుంది. చూసినవాళ్లు అది జపాన్ సూర్యుడు అనుకుంటారు. శిక్షణ విమానాల పసుపురంగు కూడా ముదురుగా పడుతుంది. అన్ని రంగులూ పట్టే వెరిక్రోమ్ పాన్ 1956లో వచ్చింది. కాబట్టి గుర్తు చదివే ముందు ఆకాశం చూడండి. ఎండలో ఆకాశం పూర్తిగా తెల్లబోయి, మనుషుల పెదవులు నల్లగా ఉంటే అది ఎరుపును చూడని ఫిల్మే అయ్యుంటుంది.

ఆ జాగ్రత్త తర్వాత గుర్తులు కాలాన్ని బాగా చెబుతాయి. అమెరికన్ నక్షత్రం నడుమ ఎర్రచుక్కను 1942 మేలో తీసేశారు. 1943 నడుమ నక్షత్రానికి రెండువైపులా తెల్లపట్టీలు, మొత్తానికి ఎర్ర అంచు వచ్చాయి. కొద్ది నెలల్లోనే అంచు నీలమైంది. 1947 జనవరిలో పట్టీల నడుమ ఎర్రగీత చేరింది. ఇక్కడి బ్రిటిష్, భారత విమానాల మీద జపాన్ గుర్తుతో పొరపాటు పడకుండా 1942 నడుమనుంచి ఎరుపు తీసేశారు, తర్వాత ముదురునీలం, లేతనీలం వృత్తం మిగిలింది. స్వాతంత్య్రం తర్వాత కొద్ది కాలం అశోకచక్రం, 1950 నుంచి మూడు రంగుల వృత్తం. తోక మీద అంకె ఉంటే ఇంకా మేలు. అమెరికన్ అంకెలో మొదటిది ఆర్డరిచ్చిన ఆర్థిక సంవత్సరపు చివరి అంకె: 2 అంటే 1942, 4 అంటే 1944. అది తయారైన ఏడాది కాదు, ఫోటో తీసిన ఏడాది అంతకన్నా కాదు. 'వీటీ' అక్షరాలుంటే అది భారత్‌లో నమోదైన పౌరవిమానం. యుద్ధం ముగిశాక ఎల్-5లు, ఆస్టర్లు కొన్ని ఫ్లయింగ్ క్లబ్బులకు పోయాయి, కాబట్టి యుద్ధవిమానం మీదే 'వీటీ' కనబడవచ్చు.

హైదరాబాద్ రాజ్యం విషయంలో కథలు ఎక్కువ, ఫోటోలు తక్కువ. నిజాం డబ్బుతో నడిచినందుకు హైదరాబాద్ పేరు పెట్టుకున్న 152 స్క్వాడ్రన్ బర్మా రంగంలో స్పిట్‌ఫైర్లు ఎగరేసింది, దాని చిహ్నం నిజాం తలపాగా. "నిజాం సర్కారు విమానం" అన్న ఇంటిమాట వెనక ఈ స్క్వాడ్రన్ ఉండొచ్చు, కానీ రెక్క కింద కడ్డీ ఆసరా ఉన్న చిన్న విమానం స్పిట్‌ఫైర్ కాదు. 1948లో సిడ్నీ కాటన్ అనే పైలట్ నిజాం కోసం కరాచీనుంచి ఆయుధాలు తెచ్చి దింపిన కథ వరంగల్ దగ్గరి మామునూరు పేరుతో తరచూ వినబడుతుంది. ఆయన వాడినవి లాంకాస్ట్రియన్లు, నాలుగు ఇంజన్ల పెద్ద విమానాలు. ఒక ఇంజన్ ఫోటోను ఆ కథకు అతికించకూడదు. హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ సిపాయిలు 1941 డిసెంబర్‌లో మలయాలోని కోట భారు విమానాశ్రయానికి కాపలా ఉన్నారన్నది మాత్రం నిజం. ఇంట్లో "మలయా" అన్న మాట మిగిలి ఉంటే దాన్ని కొట్టిపారేయకుండా రాసిపెట్టుకోవాలి.

సిరిసిల్ల నేతవాళ్ల ఇళ్లలో వెతికేటప్పుడు దృష్టి బొంబాయి మీద ఉండాలి. జుహూలో 1928 నుంచి విమానాశ్రయం ఉంది, ఫ్లయింగ్ క్లబ్ ఉంది. సెలవురోజు అటు పోయి కంచె పక్కన ఫోటో దిగడానికి సైన్యంలో ఉండక్కర్లేదు. ఇక్కడే అతి పెద్ద పొరపాటు జరుగుతుంది. 1958లో హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ పుష్పక్ అనే క్లబ్బు విమానాన్ని ఎగరేసింది. పైన రెక్క, కింద కడ్డీ ఆసరా, గుడ్డ ఒళ్లు, తోకచక్రం, చూడటానికి అమెరికన్ ఏరోంకా చీఫ్ పోలిక. ఆ మరుసటి ఏడాది వచ్చిన కృషక్ సైన్యపు ఎయిర్ ఓపీ దళాల్లో ఆస్టర్ చోటు తీసుకుంది. ఈ రెండింటి ఫోటోలనూ "రెండో ప్రపంచయుద్ధం" అని రాసుకునే ప్రమాదం నిజంగా ఉంది. పుష్పక్‌లో ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు, ఎల్-4, ఎల్-5లలో ఒకరి వెనక ఒకరు. క్యాబిన్ వెడల్పు చూస్తే తేలిపోతుంది.

ప్రింటు వెనకవైపు ఫోటోకు సగం సాక్ష్యం. స్టూడియో ముద్ర, పెన్సిల్ రాత, కాగితం కంపెనీ పేరు, అన్నీ అక్కడే ఉంటాయి. ఊటీలోని హిందుస్తాన్ ఫోటో ఫిలిమ్స్ 1967లో ఉత్పత్తి మొదలుపెట్టింది. వెనక 'ఇందు' ముద్ర ఉంటే ఆ ప్రింటు అంతకుముందుది కాదు, నెగటివ్ మాత్రం పాతది కావచ్చు. అందుకే ఫోటోను ఆల్బంలో జిగురుతో అంటించవద్దని, అంటించి ఉంటే బలవంతంగా పీకవద్దని చెప్పాల్సొస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటే నన్ను కలవరపెడుతున్నది ఫోన్‌లో ఫోటోను "బాగుచేసే" యాప్‌లు. మసకబారిన ముఖాన్ని తేటగా చూపించమంటే అవి ముఖంతో పాటు విమానాన్నీ తిరిగి గీస్తాయి. లేని కడ్డీని పెడతాయి, ఉన్న సిలిండర్లను చెరిపి ముక్కును నున్నగా చేస్తాయి, అంకెల స్థానంలో అంకెల్లాంటి గీతలు వేస్తాయి, రంగులద్ది వృత్తానికి తమకు తోచిన రంగు పూస్తాయి. మూడు పట్టణాల్లోనూ పాత ఫోటోలు పెద్దవి చేయించి పటం కట్టించుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో పెట్టుకోవడానికి చేయించుకోండి. రకం గుర్తించడానికి మాత్రం అలాంటి కాపీ ఎందుకూ పనికిరాదు, ఎవరైనా నిపుణుడికి పంపితే ఆయన్నీ పక్కదారి పట్టిస్తుంది. అసలు ప్రింటును ముందూ వెనకా, అంచులతో సహా, కోత లేకుండా, కనీసం 600 డీపీఐ దగ్గర స్కాన్ చేయించి, ఆ ఫైలును ముట్టుకోకుండా వేరుగా దాచాలి.

దాని పక్కన రాయాల్సిన వివరంలో తెలిసినదీ ఊహించినదీ కలిసిపోకూడదు. "పైరెక్క, మూసిన ముక్కు, ఒకరి వెనక ఒకరు కూర్చునే రెండు సీట్లు, పట్టీలున్న నక్షత్రం, ఎల్-5 కావచ్చు, 1943 నడిమికి ముందుది కాదు, చోటు తెలియదు, ఇంట్లో చెప్పేది బర్మా అని" అని రాస్తే రేపు మరొకరు అదే రెక్క పక్కన, అవే చెట్ల ముందు తీసిన మరో ఫోటోతో వచ్చినప్పుడు రెండింటినీ కలపవచ్చు. కోరుట్లలో ఒక ఇంట్లో, జగిత్యాలలో మరో ఇంట్లో ఒకే తోక అంకె కనబడితే, ఆ ఇద్దరు మనుషులూ ఒకే దళంతో కలిసి తిరిగారేమో వెతకడానికి దారి దొరుకుతుంది.